మూఢంలో పెళ్ళికారు

నేను ఒక నల్ల పలకను. అన్నం కంచం కంటే కాస్త పెద్దగా, అట్లపెనం కంటే కాస్త పల్చగా ఉంటాను. ఎండ మింగి కరెంటు ఇవ్వడం నా వృత్తి. అలాగని ఫ్యాన్లూ ఫ్రిజ్జులూ ఊహించుకోకండి. కదలకుండా పడి ఉన్న కారు బ్యాటరీ చచ్చిపోకుండా, చంటిపిల్లకి ఉగ్గు పట్టినట్టు బొట్టు బొట్టుగా పోస్తుంటాను, అంతే.

నేను పుట్టిన కార్ఖానాకి కిటికీలు లేవు. ట్యూబులైట్ల కింద పుట్టి, అట్టపెట్టెలో పెరిగి, కాకినాడలో ఒక బట్టల షాపు ఆసామి ఇంటికి చేరాను. ఆయన కారు అపార్ట్‌మెంటు సెల్లారులో ఉండేది. నన్ను కారు అద్దం వెనక పెట్టి, పైన కవరు కప్పి, నెల తర్వాత వచ్చి దొంగసరుకని తిట్టాడు. సెల్లారులో ఎండ ఎక్కడినుంచి వస్తుందన్న సంగతి ఆయనకి తట్టలేదు. నోరు లేనిదాన్ని తిట్టడం తేలిక గదా. ఆ కోపంలోనే నన్ను మండపేట పోలరాజుకి వదిలించుకున్నాడు.

పోలరాజుకి ఒక పాత అంబాసిడర్ ఉంది. దాని టాపు కోయించి, తెల్లరంగు వేయించి, వెనకసీటు ఎత్తు చేయించి పెళ్ళి ఊరేగింపులకి తిప్పుతాడు. ఆ చుట్టుపక్కల మొగుళ్ళలో సగం మంది ఆ సీట్లో కూర్చుని చెమటలు కక్కినవాళ్ళే. అయితే పెళ్ళికారు బతుకు పంచాంగం చేతిలో ఉంటుంది. మూఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు, ముహూర్తాలు లేకపోతే కారుకి పనుండదు. పోనీ మధ్యమధ్యలో స్టార్ట్ చేసి చూసుకోవచ్చు కదా అంటారేమో, పోలరాజు చస్తే చెయ్యడు. మూఢంలో పెళ్ళిబండి తాళం తిప్పితే ఆ ఏడు పెళ్ళిళ్ళు పెటాకులవుతాయని వాళ్ళ నాన్న చెప్పాడట. వాళ్ళ నాన్న తోలింది ఎడ్లబండి. దానికి తాళం ఎక్కడుంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

దాంతో మూఢం విడిచేసరికి బ్యాటరీ చచ్చి కూర్చునేది. మొదటి పెళ్ళికి బ్యాండుమేళం వాళ్ళు బాజాలు పక్కన పెట్టి కారు తొయ్యడం ఆనవాయితీ అయిపోయింది. జనం నవ్వడం మొదలుపెట్టారు. చివరికి పోలరాజు భార్య భూలక్ష్మి తెగేసి చెప్పింది.

"ఆ డొక్కుని పాత సామాన్లోడికి ఇచ్చెయ్యండి. నలుగుర్లో తల కొట్టేసినట్టుంటంది నాకు."

"ఈ ఒక్కసారికీ చూడవే. ఎండతో చార్జింగు ఎక్కే మిషను తెచ్చాను. మూఢం ఇడిచాక మొదటి పెళ్ళికి తోపుడు లేకుండా కదల్లేదనుకో, మర్నాడే అమ్మేత్తాను. మాటంటే మాటే," అన్నాడు పోలరాజు.

అనడం అయితే అన్నాడు గానీ, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. పిల్లలు లేని మనిషి. ఊళ్ళో ఏ పెళ్ళయినా ముందు తన బండి నడవాలన్నదే ఆయన సంబరం. అది పోతే ఆయన ఏమైపోతాడో నాకూ భయం వేసింది.

కారు షెడ్డు రేకుల మీద, డాబా మెట్లకి అందేంత దూరంలో నన్ను కట్టారు. మోకాళ్ళ నొప్పుల వల్ల పోలరాజు మళ్ళీ పైకి రాలేదు. కింద నా వైరుకి చిన్న ఆకుపచ్చ దీపం ఉంటుంది. రోజూ బానెట్ ఎత్తి, అది వెలుగుతోందని చూసుకుని, దానికి ఓ దణ్ణం పెట్టుకునేవాడు. నేను జన్మలో మొదటిసారి కడుపునిండా ఎండ తిన్నాను. బ్యాటరీ కూడా పేచీ పెట్టకుండా తాగింది.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు కత్తిపీట నుంచి కుట్టుమిషను దాకా పసుపూ కుంకుమా తగలని ఇనపముక్క ఉండదు కదా. పోలరాజు కారుకి బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి బజారుకి వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగాక, భూలక్ష్మి గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. భుజం చుట్టూ కొంగు కప్పుకుని, నా మొహానికి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గడపకి రాసినట్టు పసుపు పట్టించింది. వానొస్తే పోతుందేమోనని అందులో ఆముదం కూడా కలిపి తెచ్చింది. నడిమధ్యన అరచెయ్యంత కుంకుమబొట్టు పెట్టింది.

"నాయనా, నువ్వేంటో నాకు తెలవదు. ఆయన మాట నీ చేతిలో ఉంది. ఆ బండిని కదిలించు తండ్రీ," అని దణ్ణం పెట్టింది.

నోరుంటే, దణ్ణం చాలమ్మా, పసుపు వద్దు అనేదాన్ని. నన్ను అంత ప్రేమగా ముట్టుకున్నవాళ్ళు లేరు. అంత ప్రేమగా నా కళ్ళు మూసినవాళ్ళూ లేరు. పసుపు సందుల్లోంచి దూరిన ఎండ కింద దీపం వెలగడానికి సరిపోయింది గానీ, బ్యాటరీ కడుపుకి సరిపోలేదు. పోలరాజు మాత్రం ఆ దీపానికి రోజూ దణ్ణం పెడుతూనే ఉన్నాడు.

కొన్ని వారాలకి మూఢం విడిచింది. మొదటి పెళ్ళి మా వీధి కుర్రాడిదే. సాయంత్రం పెళ్ళికొడుకు బుగ్గన చుక్కతో పోలరాజు వాకిట్లోకే వచ్చి, పూలు కట్టిన కారెక్కాడు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడింది. పోలరాజు దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పాడు. కారు టిక్కుమంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ టిక్కు కూడా లేదు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది. పెళ్ళికొడుకు మేనమామలు పట్టుపంచెలు ఎగ్గట్టి తోశారు. వీధి చివర రెండుసార్లు దగ్గి కారు అందుకుంది. భూలక్ష్మి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్న పోలరాజు పాత సామాన్ల వ్యాపారిని వెంటబెట్టుకొచ్చాడు. మాట తప్పే మనిషి కాదు. వ్యాపారి బానెట్ ఎత్తి లోపల తొంగిచూస్తున్నాడు.

"పైనున్న పలక కూడా ఇప్పి తెచ్చెయ్యవే. ఇచ్చేద్దాం," అన్నాడు పోలరాజు, భార్య మొహం చూడకుండా.

భూలక్ష్మి మెట్లెక్కి, కట్లు విప్పబోయింది. చెయ్యి తగిలి పసుపు పెచ్చు ఒకటి ఊడింది. కింద నల్లగా నా ఒళ్ళు మెరిసింది. అదేమిటో చూద్దామని ఆమె కొంగుతో ఇంకాస్త తుడిచింది.

"ఏవండోయ్ రాజుగారూ, ఇక్కడ దీపం వెలుగు ఉన్నట్టుండి ఎక్కువైందండీ," అన్నాడు కింద వ్యాపారి.

భూలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది, పైన సూర్యుడి వైపు చూసింది. నన్ను అలాగే వదిలేసి గబగబా కిందికి దిగింది.

"ఆయన్ని పంపించెయ్యండి. తప్పు బండిది కాదు. దసరాకి నేనే ఆ పలక మొహాన పసుపు మెత్తేసేను. పాపం, దానికి ఎండెక్కడ తగులుద్దీ?"

పోలరాజు భార్య వైపు తిరిగాడు.

"అమ్మెయ్యమని పోరెట్టింది నువ్వే గదే. మళ్ళీ దానికి పూజేంటి?"

"నోరు అమ్మెయ్యమంటే, చెయ్యి కూడా అదే మాట మీదుండాలా ఏంటండీ?" అంది భూలక్ష్మి.

పోలరాజు తాళంచెవి జేబులో వేసుకుని, కంట్లో నలక పడినట్టు తువ్వాలుతో ఒత్తుకున్నాడు. వ్యాపారి ఆయన మొహమూ ఆమె మొహమూ మార్చి మార్చి చూసి, ఇక్కడ తనకి ఇనుము దొరకదని అర్థమై, చప్పుడు కాకుండా బానెట్ దించి వెళ్ళిపోయాడు.