కంకరన్న కొత్త ఆల్బమూ, చినిగిన నా గొంతూ

నేను ఒక స్పీకరు డబ్బాను. కోఠిలో ఒక రిపేరు షాపాయన పాత టీవీ పెట్టె చెక్కతో నన్ను తయారుచేసి, నల్లరంగు పూసి, ఫారిన్ సరుకని అమ్మేశాడు. పుట్టిన పూటే అబద్ధానికి సాక్షినయ్యాను.

నన్ను కొన్నవాడు కొమురయ్య. అప్పుడతనికి ఇరవై రెండేళ్లు. బోరబండలో వాళ్ల డాబా మీద నన్ను పెట్టుకుని ఊపిరి తిప్పుకోకుండా ర్యాప్ పాడేవాడు. గొంతు గరుకని జనం కంకరన్న అన్నారు. ఆ పేరే ఊరంతా మోగింది. పేరొచ్చాక పెద్ద స్పీకర్లూ వచ్చాయి. ఏరు దాటి తెప్ప తగలేశాడని నేను నిష్ఠూరమాడను. తగలెయ్యకుండా దోస్తు సత్తెన్న సెలూనుకు ఇచ్చాడు కదా!

ఈ సెలూన్లో ఒక కట్టుబాటుంది. కుర్చీలో ఉన్నవాడు చెప్పిందే పాట. అతను దిగేదాకా దాన్ని మార్చే హక్కు సత్తెన్నకు కూడా లేదు.

ఈమధ్యే, నలభై తొమ్మిదో ఏట, కంకరన్న కొత్త ఆల్బమ్ వదిలాడు. ఎనిమిది పాటలు, అన్నీ నిదానమే. బస్తీ రెండుగా చీలింది. రిటైరైన ప్రభుదాస్ మాస్టారు "ఇన్నేండ్లకు ఈయన మాట సమజైంది" అని మురిసిపోయాడు. ఆటో జహంగీర్ మాత్రం "గిది ర్యాపా, రేడియో వార్తలా? బీటేదే?" అని మండిపడ్డాడు.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. పాటలో బీటు ఉంది. పలకనిది నేను. మూడేళ్ల కిందట నా లోపల దరువుకు అదిరే కాగితం చినిగితే సత్తెన్న జిగురు పూసి సరిపెట్టాడు. అప్పట్నుంచి నాలో మాట పలుకుతుంది గాని దరువు పలకదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ నిజంగానే మద్దెల ఓడు, తిట్లు ఆటగాడికి. నాకెంత సిగ్గేసిందో!

శనివారం పొద్దున టోపీ, మాస్కు పెట్టుకుని కంకరన్నే వచ్చాడు. సత్తెన్న చెవిలో, "రేపు సాయంత్రం మన గ్రౌండ్ల ప్రోగ్రాం. పాతయే పాడమంటున్రు. కొత్తయి బస్తోళ్లకు నచ్చకుంటే రేపటితోని మైకు బంద్ జేస్త" అన్నాడు. కుర్చీ ఎక్కి తన ఆల్బమే పెట్టమన్నాడు. తలకు రంగు, ముఖానికి తెల్లటి ప్యాకు పడ్డాక ఇంటి మనిషి కూడా గుర్తుపట్టేలా లేడు.

రంగు ఆరేదాకా అరగంట. ఎవరూ పాట మార్చడానికి లేదు. బెంచీ మీద జహంగీర్ మొదటి పాటకే అందుకున్నాడు. "ముసలోడైండు పో. మోకాళ్ల నొప్పి మీద గూడ పాటనా!" కంకరన్న పళ్లు బిగించేసరికి ప్యాకు బీటలిచ్చింది.

ఏడో పాట వచ్చింది. అది వాళ్లమ్మ గురించి. క్వారీలో రాళ్లు కొట్టీ కొట్టీ ఆమె అరచేతులు మొద్దుబారాయి. కొడుక్కి జ్వరమొస్తే నుదుటి వేడి చేతికి తెలిసేది కాదు. చెంప ఆనించి చూసేది. దరువు లేని నా గొంతులోంచి ఆ మాటలు ఒంటరిగా బయటికొచ్చాయి. జహంగీర్ ఫోను పక్కన పెట్టేశాడు.

ఆల్బమ్ అయిపోయింది. కంకరన్న ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. జహంగీర్ కుర్చీ ఎక్కాడు. ఇక పాత హిట్టే అడుగుతాడనుకున్నాను.

"గా అమ్మ పాట మల్ల పెట్టు సత్తెన్నా. మిగిలినయి వద్దు."

లోపల కంకరన్న తువ్వాలు ముఖానికి అదుముకుని చాలాసేపు బయటికి రాలేదు. నాకూ ఏడుపొచ్చింది.

ఆదివారం సాయంత్రం, సెలూను పక్కనే ఉన్న గ్రౌండ్‌లో ఆయన బీటు ఆపించి ఆ పాట పాడాడు. తలుపు తీసే ఉంది కాబట్టి నాకంతా వినిపించింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

"ఇంకోటి పాడాల్నా?" అని మైకులో అడిగాడు.

"పాతది పాడన్నా!" జహంగీర్ గొంతే అది.

గ్రౌండంతా గొల్లున నవ్వింది. కంకరన్నా నవ్వాడు. నవ్వి, కొత్తదే ఎత్తుకున్నాడు.