అభినందనలు, మీరు ఎంపికయ్యారు

ఉచితం అన్న మాట చెవిన పడితే మా బ్యూటీ పార్లర్ యజమానురాలికి ఒళ్ళు తెలియదు. ఎదురుగా మేడమ్ అంటాం, వెనక శాంపిల్ రాణి అంటాం. షాంపూ ప్యాకెట్లు, క్రీము డబ్బీలు, సెంటు బుడ్లు, ఆఖరికి పిల్లి మేత కూడా నెట్‌లో చూసి తెప్పించింది. వాళ్ళింట్లో పిల్లి లేదు. షాంపూ ప్యాకెట్లన్నీ ఖరీదైన సీసాలో పిండించి, వచ్చినవాళ్ళ నెత్తిన రుద్దించేది. రుద్దేది నేనే కాబట్టి నాకు తెలుసు.

ఒక మెయిల్‌కి ఒక్క శాంపిలే ఇస్తారు. అందుకని ఇంట్లో అందరి పేర్లతోనూ మెయిళ్ళు తెరిచింది. తన ఆడపడుచు పేరుతోనూ ఒకటి తెరిచి, ఆమె ఫోన్ నంబరు కూడా అడిగిన ప్రతివాడికీ ఇచ్చేసింది. ఒక్క సబ్బు ముక్క వచ్చేది, దాని వెనకే మెయిళ్ళు కుప్పలుగా వచ్చి పడేవి.

ఆ ఆడపడుచు భర్త పోయాక అన్న పంచన చేరిన మనిషి. నేను అక్కా అంటాను. తువ్వాళ్ళు ఉతకడం, రాలిన జుట్టు ఊడ్వడం ఆమె పని. పొద్దున్నే తాళం తీయగానే ఇంకో పని, కౌంటర్ దగ్గర కూర్చుని ఆ మెయిళ్ళ చెత్తంతా తీసెయ్యడం.

ఒకసారి అమాయకంగా అడిగింది. "వదినా, ఉచితంగా ఫోను ఇస్తామంటున్నారు. నిజమేనా?"

మేడమ్ కస్టమర్ల ముందే పగలబడి నవ్వింది. "నీ మొహానికి ఉచితంగా ఎవడిస్తాడే? పార్శిల్ బయల్దేరింది అన్నవి ఉంచు. అభినందనలనీ, ఎంపికయ్యారనీ ఉంటే తెరవకుండా పీకి పారెయ్. తెలియని నంబర్లు ఎత్తకు."

అక్క తల వంచుకుంది. ఆ రోజు నుంచి అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసింది.

ఆమెకున్నది ఒక్కతే కూతురు, చిట్టి. పుట్టుకతోనే వినపడదు. చెవి లోపల మిషన్ అమరిస్తే వింటుందనీ, మాటలూ వస్తాయనీ, ఐదేళ్ళు నిండేలోపే చేయించాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఏ కొద్దిమంది పిల్లలకో ఒక ట్రస్టు ఏడాదికోసారి ఆ ఖర్చంతా భరిస్తుంది. డాక్టరమ్మే చిట్టి పేరు ఇచ్చి, అక్కని మెయిలూ ఫోను నంబరూ అడిగింది. ఉన్నవే ఇచ్చింది అక్క.

ఇక రోజూ మెయిళ్ళలో ఆస్పత్రి పేరు కోసం వెతికేది. కనిపించేది కాదు. ఆస్పత్రికి వెళ్ళి కనుక్కొస్తానంటే మేడమ్ కసిరింది. "ఇంత రద్దీలోనా? బుద్ధుందా? వచ్చేదుంటే అదే వస్తుంది."

చిట్టి ఐదో పుట్టినరోజు దగ్గర పడేసరికి అక్క చెప్పకుండానే వెళ్ళింది. తిరిగొచ్చి, తడి తువ్వాళ్ళ బుట్ట పక్కన కూలబడింది.

"ఎప్పుడో పంపారంట. ఫోన్ కూడా చేశారంట. ఎంతకీ జవాబు లేదని ఇంకో పాపకి ఇచ్చేశారంట. ఆ పాపకి ఆపరేషన్ కూడా అయిపోయిందంట."

నేను గబగబా వెళ్ళి, తీసేసిన మెయిళ్ళు తెరిచి చూశాను. ఉచిత ఫోనుకీ ఉచిత విహారయాత్రకీ మధ్య ఉంది. ఆస్పత్రి పేరుతో కాదు, ట్రస్టు పేరుతో, 'అభినందనలు! మీ పాప ఉచిత ఆపరేషన్‌కు ఎంపికైంది.'

అక్క నా భుజం మీదుగా చదివింది. "ఇది నేనే తీసేశాను," అంది మెల్లగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చూశారా మేడమ్, మీ శాంపిళ్ళ పిచ్చి ఏం చేసిందో!"

ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు. "నన్నంటావేంటి? తీసింది తన చేత్తోనేగా. అయినా మళ్ళీ ఏడాది పెట్టుకుంటే సరి."

"మళ్ళీ ఏడాదికి ఐదు దాటిపోతాయి వదినా."

మేడమ్ కాసేపు గోళ్ళు చూసుకుంది. తర్వాత సొరుగు లాగి, చిన్నపిల్లల సబ్బు శాంపిల్ ఒకటి తీసింది. "ఇదిగో, చిట్టికివ్వు. వాసన బాగుంటుంది."

ఆ సబ్బు తీసుకెళ్ళి ఆవిడ మొహాన కొడుతుందనుకున్నాను. కొడితే నేనూ ఓ చెయ్యి వేసేదాన్ని. అక్క రెండు చేతులా అందుకుని కొంగున కట్టుకుంది.

ఇప్పుడు పొద్దున్నే అదే కుర్చీలో కూర్చుంటుంది. అభినందనలు అన్న ప్రతి మెయిలూ తెరిచి చివరిదాకా చదువుతుంది. పని తెమలడం లేదని మేడమ్ తిడుతూనే ఉంటుంది.

నిన్న చిట్టి పక్కనే ఫోను గట్టిగా మోగింది. పిల్ల తల తిప్పలేదు, తువ్వాలుని బొమ్మలా చుట్టుకుంటూ ఉంది. అక్క పరుగున వచ్చి ఎత్తింది. ఎవడో క్రీములవాడు, ఉచితంగా పంపుతామని ఊదరగొట్టాడు. అక్క మధ్యలో ఆపకుండా అంతా వింది.

"సరేనండీ," అంది చివర్లో. "మా పాపకేమైనా ఉందా అండీ?"