పదిహేనుకు బదులు ఇరవై

కురోమినె కొండ రోప్‌వేలో గైడ్‌గా నాకది రెండో చలికాలం. ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం రెండూ ఇరవైకి మా క్యాబిన్ లోయ నడిమధ్యన ఒక్క కుదుపుతో ఆగిపోయింది. దీపం ఆరింది, హీటరు రొద ఆగింది. ఆ తరవాత గాలి ఒక్కటే వినిపించింది.

లోపల నేను కాక ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక పసిపాప. పాప తల్లి మినోరి, ఆమె అత్తగారు త్సుయాకో. మూలగా నిలబడ్డ పెద్దాయన కునుగి మాస్టారు, సాంకేతిక కళాశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పాపకి అయిదో నెల. ఒంటి మీద పల్చటి దుప్పటి.

రెండున్నరకి కంట్రోల్ గది నుంచి ఇవాసె గారు రేడియోలో పలికారు. "బయట మైనస్ పది. అత్యవసర ఇంజను నడవాలంటే ఇంకో నలభై నిమిషాలు పడుతుంది. ఎవరినైనా కిందికి దించితే ఎక్కించుకోడానికి మంచు మీద నడిచే బండి మాత్రం సిద్ధంగా ఉంది."

మాస్టారు గోడ మీది థర్మామీటరు చూశారు. పది డిగ్రీలు. "ఆగినప్పుడు ఎంతుందమ్మా?" అని నన్నడిగారు.

ఆగిన క్షణంలో నేను చూశాను. పదిహేను. పొద్దున్నుంచీ హీటరు సరిగా పనిచేయడం లేదు. కానీ క్యాబిన్లో ఇరవై ఉండాలన్నది రూలు, ప్రతి ట్రిప్పుకీ పుస్తకంలో ఇరవై అని రాసెయ్యడం నా అలవాటు. నోరు దానంతటదే పలికింది. "ఇరవై, మాస్టారూ."

"పది నిమిషాల్లో పది డిగ్రీలా!" అన్నారు త్సుయాకో గారు. "అంటే ఇంకో పది నిమిషాల్లో సున్నానా?"

"అలా సమంగా పడదమ్మా. బయటికీ లోపలికీ తేడా ఎంతుంటే అంత జోరుగా పడుతుంది. తేడా తగ్గేకొద్దీ జోరూ తగ్గుతుంది." ఆయన టికెట్టు వెనక ఆ జోరుని చెప్పే అవకలన సమీకరణం రాశారు. ఉష్ణోగ్రతను ఒక పక్కకీ కాలాన్ని ఇంకో పక్కకీ విడదీసి, రెండు పక్కలా సమాకలనం చేశారు. మిగిలిన స్థిరాంకం తేలాలంటే తొలి విలువ కావాలి. అక్కడ నా ఇరవై వేశారు.

"ఆగిన ఇరవై ఏడో నిమిషానికి సున్నా. ఇంజను యాభయ్యో నిమిషానికి కదులుతుంది. పసిగుడ్డు అంతసేపు తట్టుకోలేదు."

క్యాబిన్ నేలలో ఒక తలుపుంది. దానిలోంచి తాడుతో మనుషుల్ని దించడం నాకు నేర్పారు, ఎండాకాలంలో, గాలి లేని రోజున. కింద నలభై మీటర్ల లోతు. తల్లినీ బిడ్డనీ దించుదామన్నారు మాస్టారు. నేను రేడియోలో ఇవాసె గారిని అడిగాను. "గాలి జోరుగా ఉంది. వేరే దారి లేకపోతే దించండి," అన్నారు.

మినోరి నడుముకి పట్టీలు బిగిస్తుంటే నా వేళ్ళు కొయ్యబారాయి. పాపని ఆమె గుండెకి కట్టాను. "తాడు ఊగుతుందా అక్కా?" అందామె. బయట పక్క తీగ ఉయ్యాలలా కొట్టుకుంటోంది. తీగని మోసే స్తంభం కొద్ది అడుగుల దూరంలోనే ఉంది, తాడు ఊగితే దానికే కొట్టుకుంటుంది.

తలుపు గడియ మీద చెయ్యి వేశాను.

"ఆగమ్మా," అన్నారు మాస్టారు. అప్పుడు టైము రెండూ నలభై. "ఇప్పుడు మూడు డిగ్రీలుండాలి. ఆరుంది."

"తగ్గకపోతే మంచిదేగా!" అన్నారు త్సుయాకో గారు.

"మంచిదే. కానీ లెక్క తప్పింది." ఆయన మళ్ళీ రాశారు. "పది నుంచి ఆరు. బయటితో తేడా ఇరవై నుంచి పదహారు. ప్రతి పది నిమిషాలకీ అయిదో వంతు పోతోంది. వెనక్కి వెళ్తే మొదట్లో తేడా ఇరవై అయిదు. అంటే లోపల పదిహేను." తలెత్తి నన్ను చూశారు. "ఇరవై కాదు."

నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల తాడు మీద, ఆ గాలిలో.

"పదిహేనే, మాస్టారూ. నేను అబద్ధం చెప్పాను."

త్సుయాకో గారు నా చెయ్యి పట్టి గడియ మీంచి లాగేశారు. "నీ ఇంట్లో పిల్లల్లేరా?" అంతకంటే తిడితే బాగుండేది.

మాస్టారు అప్పటికే లెక్కలో పడ్డారు. "నలభై ఒకటో నిమిషానికి సున్నా. ఆ పైన ఇంజను కదిలేదాకా తొమ్మిది నిమిషాలు నెట్టుకురావాలి. తలుపు తెరిస్తే ఉన్న వేడి కూడా పోతుంది. కంతలు మూయండి."

కోట్లు, మఫ్లర్లు, నా గైడ్ జెండా, దొరికినదల్లా సందుల్లో కూరాం. పాపని నడుమ పెట్టుకుని నలుగురం ఒకే ముద్దగా కూర్చున్నాం. గాలి విసిరినప్పుడల్లా క్యాబిన్ ఒరుగుతుంటే మినోరి నా భుజంలో మొహం దాచుకుంది. ఒక దశలో పాప ఏడుపు మానేసింది. ఆ నిశ్శబ్దం గాలికంటే భయంకరంగా ఉంది. త్సుయాకో గారు పాప బుగ్గలు రుద్దుతూనే ఉన్నారు.

మూడూ పన్నెండుకి తీగ మూలిగింది. క్యాబిన్ మెల్లగా కదిలింది. సందులు మూయడం వల్ల థర్మామీటరు ఇంకా ఒక డిగ్రీ దగ్గరే ఉంది. కింది స్టేషన్లో నర్సు దుప్పట్లో చుట్టగానే పాప కెవ్వున ఏడ్చింది.

సాయంత్రం ఇవాసె గారి బల్ల మీద నా పుస్తకం పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన పేజీలు తిప్పారు.

"ఈ ఇరవైలన్నీనా?"

"అన్నీ, అయ్యా."

ఆయన పుస్తకం మూసి సొరుగులో పెట్టారు. ఆ చలికాలంలో మళ్ళీ నన్ను క్యాబిన్ ఎక్కనివ్వలేదు. నేనూ అడగలేదు.