ఒకేసారి అడిగిన మధ్యాహ్నం

చేప పొలుసులు తీస్తూ ప్రేమావతి మళ్ళీ అడిగింది. "భీమిలిలో అక్కకి బాగా లేదట. ఒకసారి వెళ్ళొస్తానండీ."

దేవప్రసాద్ పేపరు మడత మార్చి, "చూద్దాం" అన్నాడు.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. భీమిలిలో తల్లి మంచం పట్టినప్పుడూ, హార్బరు డ్యూటీకి వెళుతూ ఆయన ఇదే అన్నాడు. "ముందు ఒకటి తేలనీ, తర్వాత ఇంకోటి అడుగు" అన్నది ఈ ఇంటి పద్ధతి. ఆయన సరేనంటేనే టికెట్టు మాట, టికెట్టు దొరికితేనే ఇంట్లో వంట ఎవరు చూస్తారన్న మాట, అదీ కుదిరితేనే పుట్టింటికి కబురు. ఆయన తేల్చేలోగా ఈ దీవి నుంచి విశాఖకి పోయే ఓడ వెళ్ళిపోయింది. తర్వాతి ఓడలో వెళ్ళి, సమాధి మీది పచ్చిమట్టిని చూసి వచ్చింది. ఇప్పటికీ జెట్టీ వైపు నుంచి ఓడ కూత వినిపిస్తే చేతిలో గరిటె ఆగిపోతుంది. ఎవరో తనను పిలిచి, తను పలకకపోయేసరికి వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది. ఆ పిలుపు అమ్మ గొంతులో ఉండేది. అక్క జబ్బు కబురు తెలిసిన ఆదివారం నుంచి అక్క గొంతులో వస్తోంది.

చేతులు కడుక్కుని కోడలికి టీ తీసుకెళ్ళింది. ఫేబే ఊళ్ళోనే మిడిల్ పాయింట్ పేటలో ఉన్న ఒక ట్రావెల్ ఆఫీసుకు ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తుంది. మామగారి లెక్కలో అది కూర్చుని బటన్లు నొక్కడం.

"ఏమిటే అంత సంబరం?"

"కోడ్ నడిచింది అత్తయ్యా! ఇదివరకు టికెట్ల కోసం ఒక్కో సైటునీ అడిగి, అది జవాబిచ్చాకే రెండోదాన్ని అడిగేది. ఓడల సైటు ఉలక్కపోతే వెనకవన్నీ బంద్. ఇప్పుడు అన్నిటికీ ఒకేసారి రిక్వెస్టులు పంపేస్తుంది."

"ఒకటి జవాబివ్వకపోతే?"

"కాసేపు చూసి వదిలేస్తుంది. మిగతావి వచ్చేస్తాయి కదా."

"వదిలేస్తే దానికి కోపం రాదూ?"

ఫేబే పకపకా నవ్వింది. "సైటుకి కోపమేంటి అత్తయ్యా!"

ప్రేమావతి నవ్వలేదు. తెర మీద గడులు ఏ జవాబు ముందొస్తే అది నిండుతున్నాయి. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉండి, కాసేపటికి బూడిద రంగుకు తిరిగింది. దాని కోసం ఏదీ ఆగలేదు. అమ్మ మంచం పట్టిన ఆ రోజు టికెట్టిచ్చేవాళ్ళు కౌంటరులోనే ఉన్నారు. వంట చేసిపెట్టగల పొరుగావిడ గోడ అవతలే ఉంది. వాళ్ళెవరూ కాదనలేదు. వాళ్ళను అడిగిందెవరు?

"అమ్మాయీ, విశాఖకి నాకో టికెట్టు చూడు. ఓడైనా సరే, విమానమైనా సరే."

కోడలి జవాబు వినకుండానే, క్యారొలిన్‌కు ఫోను కలుపుకుంటూ పెరటి గోడ దగ్గరికి నడిచింది. క్యారొలిన్ అంటే తన అక్క కూతురే.

"కోడలు పనిలో ఉంటే అన్నం నేను పెడతాలే దీదీ, మీ సాబ్‌కి" అంది గోడ అవతల అప్పలకొండమ్మ. "ఉప్పు తక్కువైందంటే మాత్రం ఊరుకునేదాన్ని కాదు!"

ఫోనులో క్యారొలిన్ ఏడ్చేసింది. "నిజంగా వస్తున్నావా పిన్నీ? అమ్మ గుమ్మం వైపే చూస్తోంది."

లోపలి నుంచి ఫేబే కేక. "ఎల్లుండి పొద్దున విమానం ఉంది అత్తయ్యా, చెన్నై మీదుగా! చేసెయ్యనా?"

"చేసెయ్యి."

సాయంత్రం కొడుకు ప్రసన్న కుమార్ వచ్చేసరికి తల్లి సంచిలో చీరలు సర్దుతోంది. "అరే మా, ఇదేంటి? నాన్నని అడిగావా?"

దేవప్రసాద్ పేపరు దించాడు.

"అడిగాను నాయనా" అంది ప్రేమావతి, సంచి జిప్పు లాగుతూ. "జవాబు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు భీమిలికి ఫోను చేసి చెప్పమను."