రాణిగారి దుబాసీ

పదకొండేళ్లు నేను ఇంగ్లండు రాణిగారి కొలువులో దుబాసీగా పనిచేశాను. ఆమె ఏలుబడిలోని మా మన్‌స్టర్ సీమలో అక్కడి ప్రభువు ఆమె మీద తిరగబడి ఊళ్లన్నీ తగలబడుతున్న రోజుల్లో కూడా ఆమెకు చేసిన ప్రమాణం తప్పలేదు. మా వాళ్లు నా పశువుల్ని తోలుకుపోయారు. సొంత తమ్ముడు నా మొహం చూడనన్నాడు. పిల్లలు సైతం నన్ను చూసి భౌ భౌ అని మొరిగేవాళ్లు. అయినా ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే.

ప్రభువు తల తెగింది, యుద్ధం ముగిసింది. చచ్చినవాళ్లలో ఎవరు తిరుగుబాటుదారులో తేల్చడానికి రాణిగారి అధికారులు దిగారు. పద్ధతి ఏమిటంటే, ఊళ్లో పన్నెండుమంది పెద్దల్ని పిలిచి, ప్రమాణం చేయించి, ఫలానావాడు ఎలా చచ్చాడని అడుగుతారు. తిరుగుబాటులో చచ్చాడంటే భూమి ఖజానాకు పోతుంది. కాదంటే పెళ్లాంబిడ్డలకు మిగులుతుంది.

మా ఊరి వంతులో వచ్చింది, ఆ యుద్ధంలో చచ్చిన ఫినీన్ భూమి. ఏటి ఒడ్డున అంత పచ్చిక మా చుట్టుపక్కల ఎక్కడా లేదు. దాని మీద విక్‌స్టెడ్ దొర కన్ను పడింది. భూముల లెక్క రాసే అధికారి ఆయన. ఖజానాకు పోయిన భూమిని బావమరిది పేరున కౌలుకు రాయించుకోవడం ఆయనకు అలవాటైన విద్య. అప్పటికే మూడు ఊళ్లు మింగాడు.

ఫినీన్ భార్య సైవ్ ముందురోజు నా గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరు పిల్లలు కొంగు పట్టుకుని ఉన్నారు. యుద్ధం తెచ్చిన కరువులో ఏటిగట్టు ఆకులు తిని బతికిన పిల్లలు, మూతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"అన్నా, మా ఆయన రాణి సైన్యానికే ఆవుల్ని తోలుకెళ్తూ చచ్చాడు. నీకు తెలీదా?"

"తెలుసమ్మా."

"మరి రేపు ఆ దొరలకి మా మాటలు చెప్పేది నువ్వేగా. రెండు భాషలూ వచ్చినోడివి నువ్వొక్కడివే. నా పిల్లల కూడు నీ నోట్లో ఉందన్నా."

ఆమె వెళ్లిన కాసేపటికే విక్‌స్టెడ్ పిలిపించాడు. పన్నెండుమందినీ అప్పటికే బెదిరించేశాడు. ఫినీన్ రాజద్రోహి అనకపోతే తిరుగుబాటు తప్పు మన్నిస్తూ ఇచ్చిన మీ క్షమాపణ పత్రాలు చించేస్తానన్నాడట. నాతో మాత్రం తేనె పూసినట్టు మాట్లాడాడు.

"మహోన్, ఏటి మీద పిండిమర ఒకటుంది, నీకు ఇప్పిస్తా. రేపు ఎవడైనా తోక జాడిస్తే, వాడేమన్నా సరే, నువ్వు మాత్రం ఈ కాగితంలో ఉన్నదే చెప్పు. విచారణ చేసే సర్ ఆంబ్రోస్‌కి మీ భాష ఒక్క ముక్క రాదు."

నేను అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ మౌనం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మర్నాడు పెద్ద కొట్టంలో విచారణ మొదలైంది. సర్ ఆంబ్రోస్ కొత్తగా వచ్చిన ముసలి న్యాయాధికారి. మనిషికి చిరాకెక్కువ, కాని లంచం ముట్టని చెయ్యి. విక్‌స్టెడ్ బైబిలు అందించబోతే ఆయన అడ్డంగా తలూపాడు.

"ఈ దేశస్థులు పుస్తకం మీద ఎన్ని అబద్ధాలైనా ఆడతారని డబ్లిన్‌లో విన్నాను. వీళ్లు దేనికి భయపడతారో అది తెప్పించండి."

మా వాళ్లు భయపడేది ఒక్కదానికే, ఎన్నడో మా ఊళ్లో బతికిన సాధువుగారి ఇనప గంటకు. దాని మీద చెయ్యి వేసి అబద్ధమాడితే నోరు వంకరపోతుంది. మా మేనమామది పోయింది, నా కళ్లతో చూశాను. ఆ గంటను తరతరాలుగా కాపాడుతున్న ఇంటి ముసలమ్మ రానల్ట్. కబురంపగానే దాన్ని శాలువాలో చుట్టుకుని వచ్చేసింది.

విక్‌స్టెడ్ దాన్ని చూసి నవ్వాడు. "చిల్లు కుండలా ఉంది. కానివ్వండి" అన్నాడు. ధీమాగానే ఉన్నాడు, చివరికి మాట దాటాల్సింది నా నోట్లోంచే కదా. గడ్డం గీసుకుని, ఇంగ్లీషు టోపీ పెట్టుకుని పక్కన నిలబడ్డ నేను కూడా ఆ గంట కిందే పుట్టినవాణ్ణని ఆయనకు తట్టలేదు.

మొదట లేచినవాడు ఔలీఫ్. కొండ మీద మేత కోసం ఫినీన్‌తో ఇరవయ్యేళ్లు కొట్లాడినవాడు. తిరుగుబాటులో కత్తి పట్టి, తర్వాత క్షమాపణ తెచ్చుకున్నవాడు. గంట మీద చెయ్యి వేశాడు.

"వాడంటే నాకు పడదు. ఇప్పటికీ పడదు," అన్నాడు. "కాని ఆ రోజు కనుమ దగ్గర దారి కాసిన వాళ్లలో నేనూ ఉన్నా. ఆవులు వదిలేసి పోరా అన్నాం. ఇవి రాణివి, మాటిచ్చా, ఇవ్వను అన్నాడు. మావాళ్లే పొడిచేశారు. వాడు ద్రోహి అయితే ఇక రాణికి నమ్మకస్థుడనేవాడే లేడు. నా కాగితం చించుకుంటే చించుకోమను."

సైవ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తక్కిన పదకొండుమందీ వరసగా చెయ్యి వేసి ఔలీఫ్ చెప్పిందే నిజమన్నారు. భయం అందరి మొహాల్లోనూ కనిపిస్తూనే ఉంది, ఒక్కడూ మాత్రం వెనక్కి తగ్గలేదు. నా జాతి మీద నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

"ఏమంటున్నారు?" అన్నాడు సర్ ఆంబ్రోస్ నా వైపు తిరిగి. విక్‌స్టెడ్ చేతిలో కాగితం చిన్నగా ఆడించాడు.

అప్పుడు రానల్ట్ గంట పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏరా మహోన్, వాళ్ల మాటలన్నీ నీ నాలుక మీంచేగా పోవాలి. నీ నాలుకకి గంట అక్కర్లేదా? లేకపోతే టోపీ పెట్టాక నీ నోరు వంకరపోదని ఎవరైనా చెప్పారా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను టోపీ తీసి బల్ల మీద పెట్టి, గంట మీద చెయ్యి వేశాను. ఇనుము మంచులా చల్లగా ఉంది. నోరు వంకరపోతుందన్న భయం లేదనను. కాని అంతకంటే పెద్ద మాట ఒకటి గుండెలో తగిలింది. ఫినీన్ చేసిన ప్రమాణమూ నేను చేసిన ప్రమాణమూ ఒక్కటే. వాడు దాని కోసం ప్రాణం ఇచ్చాడు.

ఔలీఫ్ మాటల్ని అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను.

"అబద్ధం!" విక్‌స్టెడ్ లేచాడు. "వీడూ వాళ్లలో ఒకడే, లంచం తిన్నాడు!"

"అయ్యా," అన్నాను సర్ ఆంబ్రోస్‌తో, "నేను మీకు చెప్పిన ఒక్కో మాటా మళ్లీ వాళ్ల భాషలో వాళ్లకే చెబుతాను. తప్పుంటే వాళ్లు గంట మీంచి చెయ్యి తీసేస్తారు. మీరు చేతులు చూడండి చాలు."

పన్నెండుమందీ గంట చుట్టూ చేరారు. చోటు చాలక ఒకరి చెయ్యి మీద ఒకరు వేశారు. నేను మొదటినుంచీ చివరిదాకా చెప్పుకొచ్చాను. ఒక్క చెయ్యీ కదల్లేదు.

ముసలాయన ఆ చేతుల్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కలం తీసుకుని, ఫినీన్ రాణిగారి సేవలో మరణించాడని, భూమి సైవ్‌దీ పిల్లలదీ అని తన చేత్తోనే రాశాడు. ఔలీఫ్ క్షమాపణ చెల్లుతుందని కూడా కింద రాశాడు. సైవ్ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

సర్ ఆంబ్రోస్ బండి ఆ మధ్యాహ్నమే కార్క్ పట్టణం దారి పట్టింది. విక్‌స్టెడ్ మాత్రం తన కుర్చీలో తను ఉండిపోయాడు. నన్ను లోపలికి పిలిచాడు.

"ఎవరి ఉప్పు తింటున్నావురా నువ్వు?"

"రాణిగారిది. మీది కాదు."

బయట జనం చుట్టుముట్టారు. ఏమన్నాడు, ఏమన్నావని అడిగారు. రెండూ చెప్పాను. ఔలీఫ్ నా భుజం మీద చెయ్యి వేసి పగలబడి నవ్వాడు.

అలా ఆ రోజు మన్‌స్టర్ మొత్తంలో రాణిగారికి నమ్మకమైన నౌకరు ఒక్కడు మిగిలాడు, సాయంత్రంలోపే వాణ్ణి కొలువులోంచి తీసేశారు.