రోజుకు రెండు, తిండి తర్వాత

కుక్కను మాకు అప్పగించిన రోజున జంతువుల శరణాలయం మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే. మూడు వారాల్లోగా అది ఇంట్లో ఎవరో ఒకరి చేతిలోంచి తినాలి. తినకపోతే ఆవిడ దాన్ని వెనక్కి తీసుకెళ్ళిపోతుంది.

"భయపడుతూ బతికే ఇల్లు దానికొద్దు సార్," అంది.

మాట న్యాయమైనదే, చెప్పిన తీరే నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నవాణ్ణి. నాకు ఒకరు జాగ్రత్తలు చెప్పడమా? అందుకే మిగతాది సగమే విన్నాను.

మూసేసిన దుకాణం షట్టరుకు కట్టేసి దాన్నెవరో వదిలేసి పోయారట. వయసు నాలుగేళ్ళు, ఒళ్ళు గుప్పెడంత. మా అక్క చూడగానే "గుప్పెడు" అని పిలిచింది, అదే పేరైపోయింది. ఇంట్లో ఉండేది నేనూ, అక్కా, మా ఇద్దరి కోపాలూ. మూడో ప్రాణి వస్తే కోపాలు తగ్గుతాయని అక్క ఆశ.

మేడమ్ తను స్వయంగా చేసిన మెత్తటి కోడిమాంసం ముక్కలు కాగితం పొట్లంలో ఇచ్చింది. "ఇవి ఫ్రిజ్‌లో..." అని ఏదో అంటుండగానే పొట్లం విప్పి ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలో పోశాను. షాపులో మందుల మీద అంటించే చీటీ ఒకటి తీసి డబ్బాకు అంటించి రాశాను: "గుప్పెడు. రోజుకు రెండు, తిండి తర్వాత."

"మతిమరుపులో నువ్వే మింగేస్తావేమో, చూసుకో," అంది అక్క.

డబ్బాను పొయ్యి పైన అరలో పెట్టాను. నాలుగు రోజుల తర్వాత బజారులో కుక్కలకు పెట్టే ఎండుమాంసం ముక్కల ప్యాకెట్ కొని వాటినీ అందులోనే పోసి, ప్యాకెట్ చెత్తబుట్టలో పడేశాను.

గుప్పెడు మా చేతికి దగ్గరగా వచ్చేది కాదు. ముక్క నేలమీద పెట్టి మేం గది దాటితేనే తినేది. పదో రోజు, పదిహేనో రోజు, అదే వరస. అక్క క్యాలెండర్ చూసి నిట్టూర్చేది. నాకేమీ పట్టనట్టు తిరిగేవాణ్ణి గానీ, షాపులో కూర్చున్నా నా మనసు ఇంటి దగ్గరే ఉండేది.

పద్దెనిమిదో రోజు ఉదయం నేలమీద కూర్చుని పేపరు చదువుతున్నాను. ముక్క అరచేతిలోనే ఉంది, ఆ సంగతే మరిచిపోయాను. వేళ్ళకు వెచ్చటి ఊపిరి తగిలింది. కదల్లేదు. గుప్పెడు మెల్లగా పళ్ళు తగలకుండా తీసుకుంది. రెండోదీ పెట్టాను, అదీ తీసుకుంది. కళ్ళు చెమర్చాయి. అక్క చూడకుండా పేపరు అడ్డం పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి వాంతులు. సాయంత్రానికి మెడ నిలపలేకపోయింది.

పశువుల డాక్టరు సెలైన్ పెడుతూ, "ఏం తింది? ప్యాకెట్ తెచ్చారా?" అని అడిగాడు. అక్క డబ్బా అందించింది. ఆయన బల్ల మీద బోర్లించాడు. పైనున్నవి జారిపడ్డాయి. అడుగున నాలుగైదు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, పచ్చటి బూజుతో ఉన్నాయి. పొద్దున నేను చూడకుండా చెయ్యి పెట్టి తీసింది అక్కణ్ణుంచే.

"ఎవరే ఇందులో పోసింది? వంటిల్లు నీదా నాదా?" అని అక్క మీద విరుచుకుపడ్డాను.

అక్క డబ్బాను నా వైపు తిప్పింది. "ఈ చేతిరాత ఎవరిదిరా?"

డాక్టరు చీటీ చదివాడు. "మోతాదు రాశారు. తేదీ ఏదండీ?"

పాత సరుకు ముందు, కొత్తది వెనక. పనిలో చేరిన ప్రతివాడికీ మొదటిరోజే నేను చెప్పే పాఠం ఇది. కత్తిరించిన మాత్రల అట్టమీద తేదీ ఉన్న ముక్క పారేస్తే ఊరుకోను. చెప్పేందుకే నీతులన్నారు, నన్ను చూసే అని ఉంటారు. భూమి చీలి నన్ను మింగినా బాగుండేది.

రెండు రోజులకు గుప్పెడు కోలుకుంది. ఇరవై ఒకటో రోజు మేడమ్ వచ్చింది.

"రోడ్డు మీద ఏదో తిందని చెప్దాంరా," అంది అక్క వంటింట్లో, చెవిలో. "లేకపోతే తీసుకుపోతుంది."

వెళ్ళి అంతా చెప్పేశాను, డబ్బాతో సహా. మేడమ్ వంటింటి వైపు చూసింది.

"ఇప్పుడెక్కడ పెడుతున్నారు?"

అక్క ఫ్రిజ్ తెరిచింది. ముక్కలు వాటి ప్యాకెట్లోనే ఉన్నాయి, నోటికి క్లిప్పు, పక్కన ప్యాకెట్ విప్పిన తేదీ రాసి ఉంది.

"సరే, పెట్టి చూపించండి."

ఒక ముక్క తీసి చెయ్యి చాపాను. గుప్పెడు వచ్చింది, వాసన చూసింది, నా మొహంలోకి చూసింది. రెండడుగులు వెనక్కి వేసింది. అక్క భయం భయంగా తనూ ఒకటి తీసి చెయ్యి చాపింది. గుప్పెడు తీసుకుంది.

మేడమ్ దత్తత కాగితం మీద బాధ్యులుగా అక్క పేరు రాసింది.

"మరి నేను?" చిన్నపిల్లాడిలా అడిగేశాను.

"కుక్క ఉంటుంది సార్. మీ సంగతి అదే తేల్చుకోవాలి."

నాలుగు నెలలైంది. రోజూ చెయ్యి చాపుతున్నాను. వాసన చూసి, నా మొహం చూసి, అక్క దగ్గరికి పోతుంది. నేనిచ్చిన మందు ఏళ్ళ తరబడి ఊరంతా చూడకుండా మింగింది. చూసి, ఆగి, ఆలోచించింది ఇదొక్కటే. బాధగానే ఉంది. కానీ దాని స్థానంలో నేనున్నా నా చేతిలోది ముట్టను.