సైగాన్ కోడలు

మునుస్వామి ఫ్రెంచి పటాలంలో పనిచేసి, సైగాన్ నుంచి పుదుచ్చేరికి తిరిగొస్తూ పెళ్లాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్ల పేరు అత్త అన్నమ్మాళ్‌కు నోరు తిరగలేదు. రెండుసార్లు ప్రయత్నించి, విసుగేసి, నెత్తిన పసుపునీళ్లు చల్లి ‘సుందరి’ అని పెట్టేసింది. కొత్తగా కొన్న గిన్నె మీద ఇంటిపేరు కొట్టించుకున్నట్టే అనుకోండి. సుందరి ఇంటివాళ్ల కోసం తెలుగు నేర్చుకుంది, వీధివాళ్ల కోసం అరవం నేర్చుకుంది. ఆమె మాట ఒక్క ముక్కయినా నేర్చుకుందామని మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఒక్కగానొక్క కూతురు వసంతకుమారి చిన్నప్పుడు తల్లి ఒళ్లో ఆ భాషే మాట్లాడేదట. బళ్లో పిల్లలు ‘చీనా పిల్ల’ అని ఏడిపించేసరికి ఏడో ఏట మానేసింది. ఆ భాషలో పిలిస్తే పలికేది కాదు. చూసి చూసి తల్లే కూతుర్ని తెలుగులో పిలవడం మొదలుపెట్టింది.

సుందరికి మిగిలిన ఊరట ఒక్కటే, సైగాన్ అవ్వ. ఆవిడా అట్లాగే ఓ సిపాయి వెంట వచ్చిన మనిషి. ఆదివారం ఆదివారం వచ్చేది. ఇద్దరూ పెరట్లో కూర్చుని తమ భాషలో గలగలా మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ సాయంత్రం దాకా గడిపేవాళ్లు.

డెబ్బై ఆరులో వసంతకు తిరుమలైతో సంబంధం కుదిరింది. అప్పటికి ఆమెకు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉద్యోగం. రోజంతా ఊళ్లోవాళ్లకు మాటలు కలపడమే పని. అలాంటి పిల్ల, పెళ్లివారి ముందు ఆ భాష వినబడితే పరువు పోతుందని, తల్లికి తెలియకుండా అవ్వ ఇంటికి వెళ్లింది.

“మీరింక మా ఇంటికి రావద్దు అవ్వా. అమ్మతో ఏదో ఒకటి చెప్పుకుంటాను” అంది.

అవ్వ సరేనంది, మళ్లీ రాలేదు. ఒంట్లో బాగాలేక పైఊళ్లో కూతురింటికి పోయిందట అని వసంత ఇంట్లో అబద్ధం చెప్పింది. వసంత చెడ్డదేం కాదు. నలుగురిలో తలెత్తుకు తిరగాలన్న యావ, అంతే. కానీ ఆ యావకు సుందరి ఎనిమిదేళ్లపాటు సొంత మాట వినకుండా బతికింది. ఈ మధ్యలో వసంత పెళ్లీ అయింది, మునుస్వామీ పోయాడు.

ఎనభై నాలుగు వానాకాలంలో సుందరికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. దాంతోపాటు తెలుగూ అరవమూ తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలింది పుట్టింటి భాషే. అందులోనే ఏదో అడగడం మొదలుపెట్టింది. పొద్దున అవే మాటలు, సాయంత్రం అవే మాటలు.

దాహమేమోనని నీళ్లిచ్చింది వసంత. గంజి తెచ్చింది. నాన్న ఫోటో తెచ్చి చేతికిచ్చింది. సుందరి ఒక్కోదాన్నీ పక్కకు నెట్టి మళ్లీ అవే అడిగేది. పక్కింటి కన్నియమ్మాళ్ గాలి సోకిందని చెప్పి విభూతి రాసిపోయింది. డాక్టరు ఇంకెన్నో రోజులు లేవన్నాడు. పోయేలోగా అమ్మ అడిగింది ఇవ్వాలి. అదేమిటో తెలిస్తే కదా!

తొమ్మిదో రోజు వసంత సిగ్గు దిగమింగుకుని, ఊళ్లోనే సోలై నగర్‌లో ఉంటున్న అవ్వ దగ్గరకు పోయింది. అవ్వ వెంటనే లేచింది. చెప్పులు తొడుక్కుని వెంట వచ్చింది.

మంచం దగ్గర కూర్చుని అవ్వ సుందరిని అసలు పేరుతో పిలిచింది. తన తల్లి పేరు తనకు పలకడం రాదని వసంతకు అప్పుడే తెలిసొచ్చింది. సుందరి సగం మూతితోనే నవ్వింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. వసంత సొంతింట్లో పరాయిదానిలా గడపలో నిలబడింది.

అవ్వ ఆమె వైపు తిరిగి, సుందరి దగ్గర నేర్చుకున్న తెలుగులోనే చెప్పింది.

“కూతురు యాడ, పిలవండి అంటా ఉంది. ఇన్నాళ్లూ అడిగేది అదే.”

“నేను ఈడనే ఉండాను కదా అవ్వా!”

“నిన్ను ఆస్పత్రి మనిషి అనుకుంటా ఉంది. బాగా చూసుకుంటావంట.”

‘నేను నీ కూతుర్ని’ అనడం నేర్పమని వసంత ఆమె చేతులు పట్టుకుంది. నాలుగే మాటలు. తెలుగు రాయడం రాదు కాబట్టి అరవ అక్షరాల్లో రాసుకుంది. పెరటి మెట్టు మీద అరగంట కూర్చుని, అవ్వ దిద్దుతుంటే, ఆ భాషలో మాట మాటకూ ఉండే రాగం తప్పకుండా పలికేదాకా వదల్లేదు. ఆపైన లోపలికి వెళ్లి, తల్లి ఎడమ చెయ్యి పట్టుకుని ఆ నాలుగు మాటలూ చెప్పింది.

సుందరి కళ్లు మెరిశాయి. వసంత చెంప నిమిరింది. నిదానంగా, మర్యాదగా ఏదో చెప్పింది.

అవ్వ తల వంచుకుంది. ఏందో చెప్పమని వసంత బతిమాలింది.

“‘ఎంత చక్కగా పలికినావు తల్లీ’ అంటా ఉంది. ‘అయినా నువ్వు నా కూతురివి కాదు. నా కూతురికి మా భాషంటే సిగ్గు’ అంటా ఉంది.”

సుందరి మళ్లీ మొదటి మాటలే అందుకుంది. అవి ఇప్పుడు వసంతకు అర్థమవుతున్నాయి. ఆమె ఏడుస్తూ అక్కడే కూర్చుంది.